బాల్కనీకి రాడ్లు పైన ఎందుకు కడతారు? ఎల్లుండే స్లాబు

కావలి ఇల్లు:
కావలిలో ఇల్లు కట్టుకుంటున్నాం. నిన్న సాయంత్రం సెంట్రింగ్ ఎక్కి చూశాను. గదుల్లో మెయిన్ రాడ్లు రేకుకు ముప్పావు అంగుళం ఎత్తున, అడుగునే ఉన్నాయి. ముందున్న 4 అడుగుల బాల్కనీకి మాత్రం పైకి కట్టారు. మేస్త్రీని అడిగితే "బాల్కనీకి అంతేనమ్మా" అన్నాడు, ఎందుకో చెప్పలేదు. బరువు రెండు చోట్లా పైనుంచే కదా పడేది? ఇంకోటి, పనివాళ్లు నడుస్తుంటే ఆ పై రాడ్లు కుంగుతున్నాయి. పరవాలేదా?

మార్కాపురం వాసి:
మేస్త్రీ సరిగ్గానే కట్టాడక్కా. మా ఊరి పలకను బల్ల అంచు దాటించి నొక్కి చూడండి, పగులు పైముఖం మీదే మొదలవుతుంది.

ఒంగోలు సైట్ ఇంజనీరు:
అమ్మా, గది స్లాబు రెండు వైపులా బీముల మీద ఆనుతుంది. బరువుకు నడుమ వంగితే పైపొర నొక్కుకుంటుంది, అడుగు సాగుతుంది. కాంక్రీటు నొక్కుడుకు గట్టిది. లాగుడుకు మాత్రం దాని బలం ఇంచుమించు పదో వంతే. అందుకే సాగే చోట రాడ్డు ఉండాలి.

బాల్కనీకి ఒక్క వైపే పట్టు. పాత హవాయి చెప్పు మీద పెన్నుతో అడ్డగీతలు గీసి, సగం బల్ల మీద అదిమిపట్టి రెండో కొస కిందికి నొక్కండి. బల్ల అంచు దగ్గర గీతల మధ్య ఎడం పెరుగుతుంది, అంటే పైముఖం సాగుతోంది. రాడ్డు పని అక్కడే, పైనే.

5 అంగుళాల స్లాబు సొంత బరువే చదరపు అడుగుకు దాదాపు 29 కిలోలు. బాల్కనీ 10 అడుగుల పొడవుంటే, మనిషి అడుగు పెట్టకముందే 1,100 కిలోలు దాటుతుంది. అదంతా బీముకు, పిల్లరుకు, పునాదికి చేరాలంటే ముందు బాల్కనీ బీమును పట్టుకున్న ఆ మొదలు నిలవాలి.

కుంగుతున్నాయన్నారు చూడండి, నాకు టెన్షన్ అదే. అడుగు నుంచి 4 అంగుళాల ఎత్తున ఉండాల్సిన రాడ్డు 2 అంగుళాలకు దిగితే బలం సుమారు సగమైపోతుంది. ఒకసారి ఓ ఇంటి సన్‌షేడు మొదట్లో, పైన, వెంట్రుకంత పగులు కనిపించింది. కొట్టించి చూస్తే రాడ్డు అడుగున తగిలింది. మొత్తం తీసేసి మళ్లీ పోయించాం.

రాడ్ల కింద చైర్లు, అంటే పై రాడ్లు దిగకుండా ఎత్తి పట్టే వంచిన కడ్డీ ముక్కలు, దగ్గర దగ్గరగా పెట్టించండి. నడవడానికి చెక్కలు వేయించండి. బయట 4 అడుగులుంటే రాడ్డు గది లోపలికి కనీసం 6 అడుగులు పోవాలి, టేపు పెట్టి చూసుకోండి. కాంక్రీటు పోసేటప్పుడు మీరు బాల్కనీ దగ్గరే నిలబడండి.

కావలి ఇల్లు:
ఇప్పుడే కొలిచానన్నా. లోపలికి నాలుగున్నరే ఉంది. రాడ్లు మార్చమని మేస్త్రీకి ఫోన్ చేశాను, పొద్దున్నే వస్తానన్నాడు.