ఫ్రోబీనియస్ ట్రేస్ −2 రావాలి, −1 వస్తోంది

ప్రశ్న: ఎలిప్టిక్ వక్రం వై² + వై = ఎక్స్³ − ఎక్స్² (కండక్టర్ 11, అంటే 11 దగ్గర మాత్రమే రిడక్షన్ చెడుతుంది). 2 దగ్గర (మాడ్ 2లో) బిందువులు లెక్కపెడితే ఎక్స్ = 0కి రెండు, ఎక్స్ = 1కి రెండు, అనంతంలో ఒకటి, మొత్తం 5. అంటే ఫ్రోబీనియస్ (కోఆర్డినేట్లను వర్గం చేసే మ్యాప్) ట్రేస్ 2 + 1 − 5 = −2. కానీ 5-అడిక్ ఎటాల్ హెచ్¹ (వక్రానికి జోడించే, గాల్వా గ్రూప్ పనిచేసే రెండు డైమెన్షన్ల కోహోమాలజీ) మీద ఫ్రోబీనియస్ ట్రేస్ −1 వస్తోంది. ఎక్కడ తప్పుతోంది?

జవాబు 1: మీరు వాడింది అరిథ్మెటిక్ ఫ్రోబీనియస్ అండీ. హెచ్¹ అనేది టేట్ మాడ్యూల్‌కి (5 ఘాతాల టార్షన్ బిందువులతో కట్టేదానికి) డ్యూయల్, కాబట్టి అక్కడ జియోమెట్రిక్ ఫ్రోబీనియస్ (అరిథ్మెటిక్‌దానికి విలోమం) తీసుకోవాలి. దాని ఐగెన్ విలువల మొత్తం −2, లబ్ధం 2. విలోమాల మొత్తం −2/2 = −1, మీకొచ్చింది అదే. సరిచూసుకోవడానికి: టీ² + 2టీ + 2ని మాడ్ 5లో చూస్తే (టీ − 1)(టీ − 2). వక్రానికి అకరణీయ 5-టార్షన్ బిందువు (ఐదుసార్లు కూడితే సున్నా అయ్యేది) ఉంది కాబట్టి 1 మూలం కావాల్సిందే.

ప్రశ్న వేసినవారు: అర్థమైందండీ. మరి 2-అడిక్ గుణకాలతో ఇదే చేయొచ్చా?

జవాబు 2: 2 దగ్గర కుదరదు. డిటర్మినెంట్ 2-అడిక్ సైక్లోటమిక్ కేరెక్టర్ (హెచ్¹లో దాని విలోమం), అది అక్కడ రామిఫైడ్, అంటే ఇనర్షియా (మాడ్ 2లో కనిపించని గాల్వా భాగం) దాన్ని కదిలిస్తుంది. గుడ్ రిడక్షన్ ఉన్నా ఇనర్షియా ఊరుకోదు, ఫ్రోబీనియస్ ట్రేస్ అన్న మాటకే అర్థం ఉండదు. డీ-క్రిస్‌కి (గాల్వా రిప్రజెంటేషన్ నుంచి కట్టే, ఫై అనే ఫ్రోబీనియస్ ఉన్న వెక్టర్ స్పేస్‌కి) వెళ్లండి: అక్కడ ఫై బహుపది మళ్లీ టీ² + 2టీ + 2. −2ని 2 భాగిస్తుంది కాబట్టి సూపర్‌సింగ్యులర్, స్లోప్‌లు (ఫై ఐగెన్ విలువల 2-అడిక్ వాల్యుయేషన్‌లు) రెండూ 1/2. అందుకే టేట్ మాడ్యూల్‌లో అన్‌రామిఫైడ్ కోషెంట్ (ఇనర్షియా కదిలించనిది) కోసం వెతకొద్దు. 3 దగ్గర 3-అడిక్‌గా అయితే దొరుకుతుంది, అక్కడ ట్రేస్ −1, దాన్ని 3 భాగించదు కదా.