గ్రాస్‌రూట్స్‌కి మన మాట: గడ్డివేళ్ళా, క్షేత్రస్థాయా, గరికా?

కలంకారి:
అమెరికాలో పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ ఎన్నికల మీద ఒక పొడుగాటి వ్యాసం తెలుగులోకి తెస్తున్నా. ‘లాంగ్‌షాట్’ (గెలుస్తాడని ఎవరూ అనుకోని) అభ్యర్థికి ‘గ్రాస్‌రూట్స్’ (మామూలు జనంలోంచి పుట్టే) మద్దతు ఎలా కూడుతుందన్నది విషయం. 1968లో యూజీన్ మెకార్తీ, 1976లో జిమ్మీ కార్టర్ (ఇద్దరూ డెమొక్రాట్లు), 2008, 2012లలో రిపబ్లికన్ రాన్ పాల్, ఈ ముగ్గురి చుట్టూ తిరుగుతుంది. మొదటి వాక్యం దగ్గరే బండి ఆగిపోయింది. యంత్రం చేసిపెట్టిన అనువాదం ఇదీ: “గడ్డి మూలాల మద్దతుతో సుదూర షాట్ అభ్యర్థి ప్రాథమిక ఎన్నికలలో ఆశ్చర్యాన్ని సృష్టించాడు.” నవ్వుకోవడానికి బాగుంది, అచ్చుకి పనికిరాదు. పేపర్లలో ‘క్షేత్రస్థాయి’, ‘అట్టడుగు స్థాయి’ రెండూ కనిపిస్తున్నాయి. ఏది వాడమంటారు? లాంగ్‌షాట్‌కైతే మాటే తట్టడం లేదు.

సబ్‌డెస్క్:
‘క్షేత్రస్థాయి’ వద్దు. అది ఆఫీసు మాట. కలెక్టరుగారు క్షేత్రస్థాయిలో పరిశీలిస్తారు, అధికారులు క్షేత్రస్థాయిలో పర్యటిస్తారు. పైన కూర్చున్నవాడు కిందికి దిగి చూసి పోవడం అన్నమాట. గ్రాస్‌రూట్స్‌ది ఎదురు దారి, కింద పుట్టి పైకి పాకుతుంది. 1912లో థియొడోర్ రూజ్‌వెల్ట్ వేరు కుంపటి పెట్టినప్పుడు ఇండియానా మాజీ సెనేటర్ ఆల్బర్ట్ బెవరిడ్జ్ ఆ కొత్త పార్టీ గడ్డివేళ్ళలోంచి వచ్చిందన్నాడు, జనం కష్టాల నేలలో పెరిగిందన్నాడు. ఆ నేల వాసన క్షేత్రస్థాయిలో లేదు.

‘అట్టడుగు’తో ఇంకో చిక్కు. మనకి అట్టడుగు వర్గాలంటే ఎవరో అందరికీ తెలుసు. మెకార్తీ కోసం న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో మంచులో తిరిగింది కాలేజీ కుర్రాళ్ళు. “అట్టడుగు మద్దతు” అని రాస్తే పేదలూ దళితులూ వెంట నిలిచారని చదువుకుంటారు. అది వేరే కథ అవుతుంది.

డిక్షనరీ పురుగు:
సంస్కృతం వైపు వెళ్తే ‘తృణమూల’ ఉంది. బెంగాల్లో 1998లో ఆ పేరుతో పార్టీయే పుట్టింది, అర్థం కూడా ఇదే. కానీ తెలుగులో తృణం అనగానే విలువ పడిపోతుంది. ప్రాణాన్ని తృణప్రాయంగా వదిలేస్తాం. చేతికొచ్చింది కొంచెమైతే “తృణమో పణమో” అంటాం. “తృణమూల మద్దతు” అంటే ‘పూచికపుల్లపాటి మద్దతు’ అని వినపడే ప్రమాదం ఉంది. బెంగాలీకి నప్పిన మాట మనకి నప్పాలని లేదు.

అయితే ‘తృణమో పణమో’ని పారేయకండి. చిన్న చందాల దగ్గర సరిగ్గా అతుకుతుంది.

రేగడి:
గడ్డి అనగానే అందరూ పోచ వైపే చూస్తున్నారు. ఇక్కడ చూడాల్సింది వేరుని. గరికని చూడండి. నేల మీద తీగలా పాకుతుంది, మన్ను తగిలిన ప్రతి కణుపు దగ్గరా వేరు దిగుతుంది. ఒకచోట పీకితే మిగతాది చావదు. నాగలి పెట్టి ముక్కలు చేస్తే ఒక్కో ముక్కా ఒక్కో మొక్క అవుతుంది, అందుకే రైతుకి అదంటే మంట. నడిబొడ్డున తల్లివేరు ఉండదు. ఏ ఊరి గుంపు ఆ ఊళ్ళోనే వేరు తన్నే ప్రచారానికి ఇంతకన్నా దగ్గరి పోలిక లేదు. “గరికలా పాకిన మద్దతు” అనండి. మొదటిసారి వాడినప్పుడు ఒక వాక్యం విప్పి చెబితే చాలు, తర్వాత దానంతట అదే నడుస్తుంది.

సబ్‌డెస్క్:
వ్యాసానికి బాగుంది, వార్తకి బరువు. వార్తలో అయితే నామవాచకం జోలికే పోను. “కింది నుంచి పుట్టిన మద్దతు”, “జనమే పూనుకొని చేసిన ప్రచారం” అని క్రియతో నడిపిస్తాను. ఎవరు మొదలుపెట్టారు, ఎవరి ఖర్చుతో, ఎవరు చెబితే? ఈ మూడింటికీ జవాబు ‘వాళ్ళే’ అయితే అది గ్రాస్‌రూట్స్. కాకపోతే లారీల్లో తోలుకొచ్చిన జనం. దానికి అమెరికాలో పేరు ఆస్ట్రోటర్ఫ్, మైదానాల్లో పరిచే ప్లాస్టిక్ గడ్డి. మనకి కొత్త మాట అక్కర్లేదు, ‘కిరాయి జనం’ చాలు.

ఎడిసన్ నుంచి:
లాంగ్‌షాట్‌కి మన పేపర్లలోనే జవాబుంది. “గెలుపు గుర్రాలకే టికెట్లు” అని ప్రతి ఎన్నికకీ రాస్తారుగా. దాన్నే తిరగేయండి: “గెలుపు గుర్రమని ఎవరూ లెక్కలోకి తీసుకోని అభ్యర్థి”. పొడుగే, కానీ విన్నవెంటనే తెలుస్తుంది. ఇంగ్లీషులోనూ అది పందేల్లో నడిచే మాటే కాబట్టి రంగు కూడా చెడదు.

రెండు జాగ్రత్తలు. దీన్ని డార్క్ హార్స్‌తో కలపకండి. అక్కడ డార్క్ అంటే నలుపు కాదు, ఎవరికీ తెలియనిది అని. 1844లో బాల్టిమోర్‌లో జరిగిన డెమొక్రాట్ల మహాసభలో పేరున్నవాళ్ళ మధ్య ముడి తెగక, ఎవరూ ఊహించని జేమ్స్ పోక్‌కి టికెట్ దక్కింది. అది డార్క్ హార్స్. లాంగ్‌షాట్ ఎవరో అందరికీ తెలిసే ఉండొచ్చు, గెలుస్తాడని మాత్రం ఎవరూ పందెం కాయరు. రెండోది, “డిపాజిట్ దక్కని అభ్యర్థి” అనొద్దు. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోవడం మన చట్టం. న్యూహాంప్‌షైర్ ప్రైమరీలో నామినేషన్‌కి 1,000 డాలర్లు కట్టాలి. అది రుసుము, గెలిచినా ఓడినా తిరిగి రాదు.

కలంకారి:
గెలుపు గుర్రం ఖాయం చేసుకున్నా. ప్రైమరీని ‘ప్రాథమిక ఎన్నిక’ అనొచ్చా? ఇంకా కాకస్, డెలిగేట్, మనీ బాంబ్, వాలంటీర్, కాన్వాసింగ్ మిగిలాయి.

ఎడిసన్ నుంచి:
ప్రైమరీ ప్రైమరీగానే ఉంచండి. ప్రాథమిక అంటే బడి గుర్తొస్తుంది. ఒక్కసారి మాత్రం “పార్టీ టికెట్ ఎవరికో ఓటర్లే తేల్చే ఎన్నిక” అని చెప్పండి. మన దగ్గర బీ-ఫారం అధిష్ఠానం చేతిలో ఉంటుంది. అది జనం చేతిలో ఉందని తెలిస్తే తప్ప ఊరూపేరూ లేనివాడు ఎలా నెగ్గుకొస్తాడో పాఠకుడికి అందదు.

కాకస్‌ని ‘కూటమి’ అనకండి. ఆంధ్రలో కూటమి అంటే ఇప్పుడు ప్రభుత్వమే. పోలింగ్ బూత్ పరిధిలోని పార్టీవాళ్ళు ఒక సాయంత్రం బడిలోనో చర్చి హాల్లోనో చేరే సభ అది, కాబట్టి ‘బూత్ సభ’. అసలు కిటుకు ఇక్కడే ఉంది, మీ వ్యాసంలో రాన్ పాల్ భాగం అర్థం కావాలంటే ఇది కావాలి. 2012లో అయోవా రాష్ట్ర రిపబ్లికన్ బూత్ సభల్లో ఆయనకి మూడో స్థానం, నూటికి 21 ఓట్లు. కానీ ఆ రాత్రి లెక్కించింది అభిప్రాయ ఓటు మాత్రమే, ప్రతినిధులు దానికి కట్టుబడక్కర్లేదు. ఓటేసి చాలామంది ఇంటికి పోతారు. ఆ తర్వాత కౌంటీ సభకి ప్రతినిధుల్ని ఎన్నుకుంటారు. కుర్చీలు మడతపెట్టేదాకా కదలనివాళ్ళదే అక్కడ రాజ్యం. కౌంటీ నుంచి జిల్లా, జిల్లా నుంచి రాష్ట్రం, ప్రతి మెట్టులోనూ అదే పట్టు. పార్టీ అభ్యర్థిని ఖరారు చేసే జాతీయ మహాసభకి వచ్చేసరికి అయోవా 28 ఓట్లలో 22 ఆయనకే పడ్డాయి. డెలిగేట్‌కి ‘ప్రతినిధి’ చాలు, కానీ ‘ఓట్ల శాతం’, ‘ప్రతినిధుల లెక్క’ రెండు వేరు వేరని మొదటే చెప్పేయండి.

డిక్షనరీ పురుగు:
మెకార్తీకీ అదే జరిగింది, ఇంకా విచిత్రంగా. 1968 మార్చి 12న న్యూహాంప్‌షైర్‌లో అప్పటి అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌కి 49 శాతం, మెకార్తీకి 42. పైగా జాన్సన్ పేరు బ్యాలెట్ మీదే లేదు, అభిమానులు చేత్తో రాసి వేశారు. శాతంలో ఓడిన మెకార్తీకి 24 మంది ప్రతినిధుల్లో 20 మంది దక్కారు. ఎలాగంటే, ప్రతినిధులకి విడిగా ఓటు వేయాలి. జాన్సన్ వైపు, ఉన్న సీట్ల కన్నా చాలా ఎక్కువమంది నిలబడి వాళ్ళ ఓట్లు వాళ్ళే చీల్చుకున్నారు. మెకార్తీవాళ్ళు సరిగ్గా లెక్కకి సరిపడా నిలబెట్టారు. మన భాషలో ‘రెబెల్స్ బెడద’. మార్చి 31కి జాన్సన్ పోటీలోంచే తప్పుకున్నాడు.

జీన్ అన్నది మెకార్తీ ముద్దుపేరు. అతని కోసం కుర్రాళ్ళు గడ్డాలు గీయించుకొని, జుట్టు కత్తిరించుకొని గడపలెక్కారు. ‘క్లీన్ ఫర్ జీన్’ అన్న ఆ ప్రాసనినాదాన్ని ప్రాసతో తేవాలని తిప్పలు పడకండి. “జీన్ కోసం నీటుగా” చాలు.

రేగడి:
కార్టర్ మనుషుల్ని పీనట్ బ్రిగేడ్ అన్నారు కదా, దాన్నేమంటున్నారు? ఆయన వేరుశనగ రైతు. 1976 జనవరిలో జార్జియా నుంచి ఆయన్ని ఎరిగినవాళ్ళు సొంత ఖర్చులతో న్యూహాంప్‌షైర్ వెళ్ళి, మంచులో ఇల్లిల్లూ తిరిగి “మా ఊరివాడు, మాకు తెలుసు” అని చెప్పి వచ్చారు. అప్పటికి దేశమంతా “ఎవరా జిమ్మీ?” అంటోంది. ఫిబ్రవరిలో అక్కడ గెలిచాడు. తెలంగాణలో ‘పల్లీల దండు’, మా అనంతపురం వైపు ‘చెనిక్కాయల దండు’. అందరికీ ఒకటే కావాలంటే ‘వేరుశనగ దండు’. బ్రిగేడ్‌కి ‘దళం’ వద్దు, ఆ మాటకి మన అడవుల్లో వేరే అర్థం ఉంది. ఇంతకీ గడ్డివేరుకి తెలుగు వెతుకుతుంటే శనగలో వేరు దొరికింది చూశారా.

సబ్‌డెస్క్:
‘వాలంటీరు’ దగ్గర ఆగండి. ఆంధ్రలో 2019లో మొదలైన వ్యవస్థలో వాలంటీరంటే 50 ఇళ్ళకి ఒకరు, నెలకి 5,000 గౌరవ వేతనం, ప్రభుత్వ పథకాలు. ఆ వ్యవస్థ ఇప్పుడు నడవకపోయినా మాటకి ఆ అర్థం అంటుకునే ఉంది. “వాలంటీర్లు ఇంటింటికీ వెళ్ళారు” అని రాస్తే కార్టర్ పింఛన్లు పంచాడనుకుంటారు. ‘కార్యకర్త’ అంటే పార్టీ మనిషి, అదీ కుదరదు. “జీతంబత్తెం లేకుండా పనిచేసినవాళ్ళు” అని ఒకసారి చెప్పి, తర్వాత ‘మద్దతుదారులు’ అనండి.

ఎడిసన్ నుంచి:
వాలంటీరు మాట వచ్చింది కాబట్టి ఇక్కడ అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి పనికొచ్చే తేడా ఒకటి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు ఏ అభ్యర్థికీ చందా ఇవ్వకూడదు, ఒక్క డాలరైనా చట్టవిరుద్ధమే. గ్రీన్ కార్డు ఉంటే ఇవ్వొచ్చు. ప్రతిఫలం లేకుండా ఫోన్లు చేయడం, గడపలెక్కడం హెచ్-1బీవాళ్ళకీ తప్పు కాదు. డబ్బు ఎలా ఖర్చుపెట్టాలి లాంటి నిర్ణయాల్లో మాత్రం వేలు పెట్టకూడదు. అనువాదంలో ‘సాయం’ అనే ఒక్క మాటతో రెంటినీ కలిపేస్తే పాఠకుడు చిక్కుల్లో పడతాడు. ‘చందా’, ‘శ్రమ’ అని విడదీయండి.

కాన్వాసింగ్ అంటే ఊరికే కరపత్రం పంచి రావడం కాదు, ప్రతి గడప దగ్గరా ఒక అంకె వేసుకోవడం. సాధారణంగా 1 నుంచి 5. తెలుగులో ఇలా పెట్టొచ్చు: 1 మనవాడే, 2 ఇటు మొగ్గు, 3 గోడమీది పిల్లి, 4 అటు మొగ్గు, 5 పక్కా అవతలివాడు. పోలింగ్ రోజున ఫోన్లు వెళ్ళేది 1కీ 2కీ మాత్రమే. కొత్తవాళ్ళు తప్పేది ఎక్కడంటే, మర్యాదకి నవ్వి “చూద్దాంలెండి” అన్నవాడికి 1 వేసేస్తారు. “చూద్దాంలెండి” అంటే ఏమిటో తెలుగువాళ్ళకి వేరే చెప్పాలా, అది 3 కూడా కాదు. అలాంటి 1లు వందల్లో చేరితే కాగితం మీద గెలుపు, పెట్టెలో ఓటమి.

డిక్షనరీ పురుగు:
మనీ బాంబ్‌ని ‘డబ్బు బాంబు’ అంటే ఐటీ దాడుల వార్తలా ఉంటుంది. ‘చందాల పోటు’ అనండి, ఆటుపోట్లలో పోటు. ఒకే రోజున ముంచెత్తి వెనక్కి పోయేది. రాన్ పాల్‌కి 2007 నవంబర్ 5న 42 లక్షల డాలర్లు, డిసెంబర్ 16న సుమారు 60 లక్షలు వచ్చాయి. రెండూ మద్దతుదారులు సొంతంగా ముహూర్తం పెట్టి చేసినవే, ప్రచార కార్యాలయం పిలుపు కాదు. తృణమో పణమో కలిసి అంతయింది. అయినా 2008 జనవరిలో అయోవాలో 10 శాతం, న్యూహాంప్‌షైర్‌లో 8. చందా 50 రాష్ట్రాల నుంచి రావచ్చు, ఓటు మాత్రం ఆ బూత్‌లో ఉన్నవాడే వేయాలి. పోటు వచ్చింది, నేల తడవలేదు.

సబ్‌డెస్క్:
సంతకాల సంగతి కూడా మూలంలో ఉంటుంది, ‘పిటిషన్’ని కోర్టు పిటిషన్‌లా రాయకండి. ‘సంతకాల అర్జీ’ అనండి. 2012లో వర్జీనియాలో రిపబ్లికన్ ప్రైమరీ బ్యాలెట్ ఎక్కాలంటే 10,000 సంతకాలు, అందులో ఒక్కో కాంగ్రెస్ నియోజకవర్గం నుంచి కనీసం 400. పేరున్న గింగ్రిచ్, పెర్రీ, శాంటోరమ్ ఎవరూ ఎక్కలేకపోయారు. ఎక్కింది రోమ్నీ, రాన్ పాల్ ఇద్దరే. సంతకం చేసినవాడు నమోదైన ఓటరు కాకపోయినా, చిరునామా చదవడానికి రాకపోయినా ఆ వరస కొట్టేస్తారు. అందుకే అడిగినదానికి సగం అదనంగా పోగేయమంటారు. గరిక పాకిందా లేదా అన్నది ఇక్కడే తేలేది. 400 అన్ని నియోజకవర్గాల్లోనూ ఉండాలి మరి.

రేగడి:
శీర్షిక కింద “బలవంతమైన సర్పము చలిచీమల చేత చిక్కి” పెడితే?

డిక్షనరీ పురుగు:
పెట్టకండి. ఆ పద్యం చీమల్ని మెచ్చుకోదు, బలవంతుణ్ణి హెచ్చరిస్తుంది. పలువురితో వైరం పెట్టుకోకురా అని జాన్సన్‌కి చెప్పే మాట అది, మెకార్తీకి కాదు. మీ వ్యాసానికి నప్పేది హితోపదేశంలో ఉంది: “తృణైర్గుణత్వమాపన్నైర్బధ్యంతే మత్తదంతినః”. గడ్డిపోచలు వెంటిగా పేనుకుంటే మదపుటేనుగునైనా కట్టేస్తాయి. ఇక్కడ ‘గుణం’ అంటే తాడు. విడిపోచలకి ఆ బలం లేదు, పేనినవాటికే ఉంది. ఏనుగు రిపబ్లికన్ల గుర్తు కూడా కాబట్టి రాన్ పాల్ భాగం మీద పెట్టుకోండి. కార్టర్ మీద పెడితే గుర్తు తప్పుతుంది, వాళ్ళది గాడిద.

కలంకారి:
అందరికీ నమస్కారాలు. మొదటి వాక్యం ఇలా వచ్చింది: “గెలుపు గుర్రమని ఎవరూ లెక్కలోకి తీసుకోని అభ్యర్థికి, జనమే పూనుకొని గరికలా అల్లుకుపోయిన ప్రచారంతో, 1968 న్యూహాంప్‌షైర్ ప్రైమరీలో నూటికి 42 ఓట్లు పడ్డాయి.”

సబ్‌డెస్క్:
‘డెమొక్రాట్ల’ ప్రైమరీ అని చేర్చండి. లేకపోతే రాష్ట్రం మొత్తం ఓట్లలో 42 అనుకుంటారు.

కలంకారి:
చేర్చాను.