భోజనం తరువాతే కార్టిసాల్ పెరుగుతోంది: అడ్రినల్ గడ్డలు, హార్మోన్ రిసెప్టర్ల గురించి మీ అనుభవాలు చెప్పండి

గోదావరి_తీరం:
మా అమ్మకు మూత్రపిండాల పైన ఉండే రెండు అడ్రినల్ గ్రంథుల్లోనూ గడ్డలు ఉన్నట్లు సీటీ స్కాన్‌లో తేలింది. ముఖం ఉబ్బడం, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోవడం, బీపీ, షుగర్ అదుపులోకి రాకపోవడం చూసి, పరీక్షలు చేయించి కుషింగ్ సిండ్రోమ్ (ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ మితిమీరే జబ్బు) అని నిర్ధారించారు. అయితే పరగడుపున తీసిన రక్తంలో కార్టిసాల్ తక్కువగానూ, టిఫిన్ తరువాత తీసిన దానిలో బాగా ఎక్కువగానూ వచ్చింది. కార్టిసాల్ తయారుచేయమని మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్ ఏసీటీహెచ్ మాత్రం రెండుసార్లూ అట్టడుగునే ఉంది. ల్యాబ్ చీటీ మీద ఆహారం తీసుకున్న సమయం రాయకపోవడం వల్ల ఈ తేడా చాలాకాలం ఎవరి దృష్టికీ రాలేదు. ఇటువంటి ఫలితం ఇంకెవరికైనా వచ్చిందా?

వైద్య_విద్యార్థిని:
ఈ వివరం చాలా ముఖ్యమైనదండి. ఆరోగ్యంగా ఉన్న గ్రంథిలో కార్టిసాల్‌ను ప్రధానంగా నడిపించేది పిట్యూటరీ నుంచి వచ్చే ఏసీటీహెచ్. అది కణం మీది ఎంసీ2ఆర్ అనే రిసెప్టర్‌కు (హార్మోన్‌ను అందుకునే గ్రాహకం) అతుక్కున్నప్పుడు లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత రసాయనం పెరిగి కార్టిసాల్ తయారవుతుంది, అది తగినంత కాగానే పిట్యూటరీ తన ఉత్పత్తిని తగ్గించుకుంటుంది. కొన్ని గడ్డల్లో మాత్రం, మనం తిన్న వెంటనే చిన్నప్రేగు విడుదల చేసే జీఐపీ అనే హార్మోన్‌కు, అక్కడ ఉండకూడని రిసెప్టర్ పుట్టుకొస్తుంది. అందువల్ల ప్రతి భోజనమూ కార్టిసాల్‌ను పెంచుతుంది, పిట్యూటరీ ఆదేశంతో దానికి పనే ఉండదు. ఈ రకాన్ని 1992లో కెనడా, ఫ్రాన్స్ పరిశోధకులు వివరించారు. ఇలాంటి రోగులలో అనేకమందికి కేడీఎం1ఏ జన్యువులో పుట్టుకతో వచ్చిన లోపం ఉన్నట్లు 2021లో బయటపడింది కనుక, జన్యు పరీక్ష గురించి, తోబుట్టువుల గురించి కూడా వైద్యులను తప్పక అడగండి.

విశాఖ_అక్క:
మా చెల్లెలికి ఇవే లక్షణాలు గర్భంతో ఉన్నప్పుడు కనిపించి, కాన్పు తరువాత తగ్గాయి. గర్భంలో పెరిగే హెచ్‌సీజీ, మెనోపాజ్ తరువాత పెరిగే ఎల్‌హెచ్ అనే హార్మోన్లు రెండూ ఒకే రిసెప్టర్ మీద పనిచేస్తాయనీ, ఆ రిసెప్టర్ అడ్రినల్‌లో మితిమీరి ఉంటే ఇలా జరగవచ్చనీ మా వైద్యురాలు వివరించారు. కాన్పుల చరిత్రను ఎవరూ అడగకపోయినా మీరే చెప్పండి.

గుంటూరు_మాస్టారు:
నాది అడ్రినల్ గ్రంథి లోపలి భాగమైన మెడుల్లాలో వచ్చిన ఫియోక్రోమోసైటోమా అనే గడ్డ. అక్కడి సొమాటోస్టాటిన్ అనే హార్మోన్ రిసెప్టర్లు నాకు మేలే చేశాయి; గాలియం డోటాటేట్ పెట్ స్కాన్‌లో మందు ఆ రిసెప్టర్లకు అతుక్కుని గడ్డ ఎక్కడుందో చూపించింది.

గోదావరి_తీరం:
అందరికీ కృతజ్ఞతలు. రిసెప్టర్ తెలిస్తే ఆపరేషన్ తప్పుతుందా?

వైద్య_విద్యార్థిని:
అన్నిసార్లూ ఆపరేషన్‌ను తప్పించుకోవడం కుదరదండి. జీఐపీని తగ్గించే ఆక్ట్రియోటైడ్ అనే మందు మొదట పనిచేసినా, కొంతకాలానికి దాని ప్రభావం సన్నగిల్లినట్లు 1992 నాటి ఆ తొలి రోగులలోనే కనిపించింది. బీటా రిసెప్టర్ల (అడ్రినలిన్ వంటి హార్మోన్లను అందుకునేవి) వల్ల వచ్చినప్పుడు వాటిని అడ్డుకునే ప్రొప్రనొలాల్, ఎల్‌హెచ్ రిసెప్టర్ వల్ల వచ్చినప్పుడు ఎల్‌హెచ్‌ను తగ్గించే ల్యూప్రొలైడ్ ఉపయోగపడిన సందర్భాలు ఉన్నాయి. ఒకవేళ శస్త్రచికిత్సే జరిగితే, ఆ తరువాత కార్టిసాల్‌కు బదులుగా ఇచ్చే హైడ్రోకార్టిసోన్‌ను వైద్యులు చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపకూడదు.