అప్‌డేట్: మినీ ట్రాక్టర్‌కి సింథటిక్ ఆయిలా, మామూలుదా? తేలిపోయింది

మామిడి తోటలో రోటవేటర్ కొట్టే మినీ ట్రాక్టర్ ఇంజిన్‌లో మామూలు ఆయిల్ బదులు సింథటిక్ (రసాయనికంగా తయారుచేసే ఖరీదైన ఆయిల్) పోయాలా అని ఇక్కడే అడిగాను కదా. ఆయిల్ తొందరగా నల్లబడుతోంది, లెవెల్ కూడా తగ్గుతోంది అన్నది నా టెన్షన్. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"ముందు మాన్యువల్ చూడండి, తర్వాత బండి కింద చూడండి" అన్న సలహానే పనిచేసింది. మాన్యువల్‌లో ఉన్నది 15డబ్ల్యూ-40 (ఆయిల్ చిక్కదనం), డీజిల్ ఇంజిన్ ఆయిల్ నాణ్యత గ్రేడ్ సీహెచ్-4 లేదా ఆపైది. ముడిచమురు నుంచి తీసే మామూలు మినరల్ ఆయిల్ ఆ గ్రేడ్‌లోనే దొరుకుతుంది. గడ్డకట్టే చలిలో స్టార్ట్ చేసేవాళ్లకైతే సింథటిక్ బాగా ఉపయోగం. మా కడప వైపు ఆ చలి ఎక్కడిది? పైగా వారంటీలో ఉన్నంతకాలం ఏది పోసినా ఇంజిన్ మాన్యువల్ చెప్పినన్ని గంటలు నడవగానే మార్చాలి. డబ్బులు దండగ.

లెవెల్ తగ్గడానికి కారణం మెకానిక్ కింద పడుకుని చూశాక దొరికింది. పాత ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టు చుట్టూ ఎర్రమట్టి తడిగా అట్టకట్టి ఉంది. దాని రాగి వాషర్ నలిగి పల్చబడిపోయింది, ఆయిల్ అక్కడే కారుతోంది. కొత్తది వేశాక లెవెల్ కదల్లేదు.

నల్లబడటం అసలు సమస్యే కాదు. డీజిల్ మసిని ఆయిల్ పట్టి ఉంచుతోందని అర్థం. షాపువాడు అంటగట్టబోయిన అడిటివ్ (ఆయిల్‌లో కలిపే మందు) సీసా కూడా అక్కర్లేకపోయింది.

ఒక్క మాట: బ్రేకులు ఆయిల్‌లో మునిగి ఉండే బండైతే గేర్‌బాక్స్‌లో ఇంజిన్ ఆయిల్ పోయకండి, దానికి వేరే ఆయిల్ ఉంటుంది.