బావ డల్లాస్ నుంచి ఈఎల్84 ట్యూబ్ యాంప్ కిట్ తెస్తానంటున్నాడు, నా స్పీకర్లకి సరిపోతుందా?

వనస్థలి_వైరింగ్:
అందరికీ నమస్తే. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, అడగడం మాత్రం ఇదే మొదలు. మా బావ సంక్రాంతికి వస్తున్నాడు, ఏం తెమ్మంటావ్ అంటే ట్యూబ్ యాంప్లిఫయర్ కిట్ తెమ్మన్నాను. సింగిల్ ఎండెడ్ (చానల్‌కి పవర్ ట్యూబు ఒక్కటే), అది ఈఎల్84, రెండు చానల్స్‌కీ కలిపి ముందు సిగ్నల్ పెంచే చిన్న ట్యూబు 12ఏఎక్స్7 ఒకటి, చానల్‌కి 5 వాట్లు అని రాశారు. సోల్డరింగ్ బాగానే వచ్చు, చిన్న చిన్న ఐసీ యాంప్‌లు చేశాను, కానీ 300 వోల్టుల డీసీతో పని ఎప్పుడూ చెయ్యలేదు, అందుకే కొంచెం టెన్షన్‌గా ఉంది.

నా దగ్గరున్నవి 4 ఓమ్స్ బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, సెన్సిటివిటీ (ఇచ్చినదానికి ఎంత మోత వస్తుందో) 87 డీబీ అని ఉంది (2.83 వోల్టులు, 1 మీటర్). గది 12 బై 11 అడుగులు. వినేది ఎక్కువగా ఘంటసాల, సుశీల, ఇళయరాజా, అదీ రాత్రిపూట. వీటితో నడుస్తుందా, స్పీకర్లు మార్చాలా? బావేమో 110 వోల్టుల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే చాలు అంటున్నాడు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు (ట్యూబుని స్పీకర్‌కి కలిపేవి) లేకుండా కిట్ తెప్పించుకుని అవి ఇక్కడే చుట్టించుకుంటే చీప్ అని ఇంకో ఫ్రెండ్ సలహా. ఎవరిని నమ్మాలి?

డెసిబెల్_దొర:
ముందు ఆ 87 సంగతి చూద్దాం. 2.83 వోల్టులు 8 ఓమ్స్ స్పీకర్‌కి ఇస్తే 1 వాట్, అదే 4 ఓమ్స్‌కి ఇస్తే 2 వాట్లు. అంటే మీ స్పీకర్ 1 వాట్‌కి ఇచ్చేది 84 డీబీ మాత్రమే, స్పెసిఫికేషన్ షీట్‌లో ఈ ముక్క ఎవరూ చెప్పరు. 5 వాట్లంటే దానిమీద 7 డీబీ, మొత్తం 91, అదీ మీటర్ దూరంలో. మీరు రెండున్నర మీటర్ల దూరంలో కూర్చుంటారు, అక్కడ కొంత పోతుంది, రెండు స్పీకర్లు కాబట్టి కొంత తిరిగొస్తుంది, ఎటు చూసినా పీక్స్ 88 దగ్గర ఆగిపోతాయి. పాట సగటు మోత పీక్ కంటే 10, 15 డీబీ కిందే ఉంటుంది. రాత్రి ఘంటసాలకి ఇది హాయిగా సరిపోతుంది. ఇళయరాజా పాటలో బేస్ గిటార్, వయొలిన్లు అన్నీ ఒకేసారి లేచినప్పుడు మాత్రం యాంప్ క్లిప్ అవుతుంది, అంటే పీక్స్ తెగిపోతాయి. ట్యూబు క్లిపింగ్ మెత్తగా ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని కనిపెట్టరు, పైగా "ఆహా ఎంత వెచ్చగా ఉంది సౌండ్" అంటారు, అది వేరే విషయం.

ఇంకోటి, ఆ కిట్‌కి 4 ఓమ్స్ ట్యాప్ (అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 4 ఓమ్స్ స్పీకర్‌కి ఇచ్చే కనెక్షన్) ఉందా? 8 ఓమ్స్ ట్యాప్ ఒక్కటే ఉండి దానికి 4 ఓమ్స్ స్పీకర్ తగిలిస్తే ట్యూబుకి 5కె (5000 ఓమ్స్) బదులు 2.5కె లోడ్ కనిపిస్తుంది, పవర్ తగ్గుతుంది, డిస్టార్షన్ పెరుగుతుంది. నా ఓటు 8 ఓమ్స్, నిజంగా 93, 94 డీబీ ఇచ్చే స్పీకర్‌కి. 84 నుంచి 94 అంటే అదే 5 వాట్లు 50 వాట్ల పని చేసినట్టు. యాంప్ కంటే ముందు స్పీకర్ సంగతి తేల్చుకోండి.

ఫిలమెంట్_ఫిరోజ్:
స్పీకర్ల గురించి దొర గారు చెప్పేశారు, నేను కరెంట్ సంగతి చెప్తాను. భాయ్, స్టెప్ డౌన్ వోల్టేజీని మారుస్తుంది, ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడ 120 వోల్టులు 60 హెర్ట్జ్, మనకి 50. 60కే డిజైన్ చేసిన పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ని అదే వోల్టేజీ మీద 50తో నడిపితే కోర్‌లో ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) 20 శాతం పెరుగుతుంది, కోర్‌ని పిసినారిగా వేసి ఉంటే పొయ్యిలా కాలుతుంది, గుయ్యిమని మోగుతుంది. సరే, 100 వోల్టులకి దించి ఇద్దాం అంటారు కొందరు. ఫ్లక్స్ సరిపోతుంది, నిజమే, కానీ 6.3 వోల్టుల హీటర్ (ట్యూబుని లోపల వేడిచేసే తీగ) 5.25కి పడిపోతుంది, హీటర్లు 10 శాతం తేడా వరకే ఓర్చుకుంటాయి. కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది.

చెయ్యాల్సింది ఒక్కటే, కిట్ కంపెనీకి మెయిల్ పెట్టి 230 వోల్టులు 50 హెర్ట్జ్ ప్రైమరీ (మెయిన్స్ కరెంట్ ఇచ్చే వైపు వైండింగ్) ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అడగమనండి, చాలామంది ఇస్తారు. జపాన్ కిట్‌లకి ఈ తంటా తక్కువ, అక్కడ తూర్పున 50, పడమరన 60 హెర్ట్జ్ రెండూ ఉన్నాయి కాబట్టి వాళ్ల ట్రాన్స్‌ఫార్మర్లు 50కి కూడా పనికొచ్చేలా ఉంటాయి, 100 వోల్టుల స్టెప్ డౌన్ పెట్టుకుంటే చాలు.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ చుట్టించడం గురించి: స్టెబిలైజర్లకి చుట్టేవాళ్లు పవర్ ట్రాన్స్‌ఫార్మర్ బ్రహ్మాండంగా చుడతారు. ఇది వేరు. సింగిల్ ఎండెడ్‌లో ట్యూబు కరెంట్, దాదాపు 48 మిల్లీయాంప్స్ డీసీ, ఎప్పుడూ ఆ వైండింగ్ గుండానే పోతుంటుంది, అందుకని కోర్‌లో గాలి గ్యాప్ వదలాలి. ప్రైమరీ, సెకండరీలని పొరలు పొరలుగా ఒకదాని మధ్యలో ఒకటి చుట్టాలి, లేకపోతే పై ఫ్రీక్వెన్సీలు పోతాయి. ఈ రెండూ తెలిసిన మనిషి దొరికితే సరే, "అన్నీ ఒకటే సార్" అన్నాడంటే లేచి వచ్చెయ్యండి. నాకు ఒక షాపులో సరిగ్గా అదే మాట చెప్పి చుట్టిచ్చారు, బేస్ లేదు, ట్రెబుల్ లేదు, టెలిఫోన్‌లో పాట విన్నట్టుంది.

పాత_మర్ఫీ:
బాబూ, లెక్కలు చూసి భయపడకు. మా నాన్నగారి రేడియోలో ఉన్నదీ ఒక్క ఈఎల్84నే, ఇచ్చేదీ మూడు నాలుగు వాట్లే, వార్తలు మా వీధి చివరి దాకా వినపడేవి. ఎందుకంటే అందులో తేలికపాటి కాగితం కోన్ ఉన్న 8 అంగుళాల స్పీకరు, వెనక తెరిచిన పెద్ద చెక్క పెట్టె. ఇప్పటి బుక్‌షెల్ఫ్ వాళ్లు చిన్న పెట్టెలోంచి బేస్ లాగడం కోసం సెన్సిటివిటీని బలిపెట్టారు, అంతే తేడా. అందుకని ఖరీదైన హార్న్ స్పీకర్లు కొనకముందు 8 అంగుళాల ఫుల్ రేంజ్ డ్రైవర్లు రెండు తీసుకుని ప్లైవుడ్ పలక మీద ఓపెన్ బాఫిల్‌గా (వెనక పెట్టె లేకుండా) బిగించి చూడు. 60 హెర్ట్జ్ కింద బేస్ రాదు, పాత పాటల రికార్డింగుల్లో అక్కడ పెద్దగా ఏమీ లేదు కూడా. గొంతు మాత్రం ఎదురుగా మనిషి కూర్చుని పాడినట్టుంటుంది.

దొర గారితో ఒక చిన్న తేడా ఉంది. సెన్సిటివిటీ ఒక్కటే చూస్తే చాలదు. ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి ఇచ్చి తప్పులు సరిదిద్దడం) తక్కువున్న సింగిల్ ఎండెడ్ యాంప్‌కి అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (కరెంట్‌కి యాంప్ లోపలి అడ్డు) రెండు మూడు ఓమ్స్ దాకా ఉంటుంది, స్పీకర్ ఇంపెడెన్స్ ఎక్కడ లేస్తే అక్కడ సౌండ్ కూడా లేస్తుంది. 95 డీబీ ఉన్నా, ఇంపెడెన్స్ ఒకచోట 3కి పడి ఇంకోచోట 40కి లేచే స్పీకర్ కంటే, 90 డీబీతో నిదానంగా 8 దగ్గర ఉండేది ఈ యాంప్‌కి మేలు.

ట్యూబులు కొత్తవి స్లొవేకియా జేజే కంపెనీవి, రష్యావి దొరుకుతాయి. బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) తయారుచేసిన పాత ఈఎల్84లు ఎవరింట్లోనైనా డబ్బాలో పడుంటే వదలొద్దు.

వనస్థలి_వైరింగ్:
అందరికీ థాంక్స్. బావ చేత మెయిల్ పెట్టించాను, 230 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఇస్తారట, కొంచెం అదనంగా తీసుకుంటారు. 4 ఓమ్స్ ట్యాప్ కూడా ఉంది. కాబట్టి ముందు ఉన్న స్పీకర్లతోనే విని, ఆ తర్వాత మర్ఫీ గారి ప్లైవుడ్ పలక చేద్దామనుకుంటున్నా. మొదటిసారి స్విచ్ వేసేటప్పుడు ఏం చూసుకోవాలో కూడా చెప్పండి ప్లీజ్.

ఫిలమెంట్_ఫిరోజ్:
సీరీస్ బల్బు (యాంప్‌కి వెళ్లే కరెంట్ దారిలో వరసగా పెట్టే బల్బు) పెట్టి మొదలెట్టండి, 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. ముందు ట్యూబులు పెట్టకుండా వెయ్యండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిది, అలాగే వెలుగుతూ ఉంటే ఎక్కడో షార్ట్. ట్యూబుల్లేకుండా హెచ్‌టీ (ట్యూబులకి వెళ్లే ఆ హై వోల్టేజీ) రాసినదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కంగారుపడొద్దు, కెపాసిటర్ మీద రాసిన వోల్టేజీ దాటకపోతే చాలు. ఆపాక కెపాసిటర్లలో చార్జి ఉండిపోతుంది, బ్లీడర్ రెసిస్టర్ (ఆ చార్జిని ఖాళీ చేసేది) లేకపోతే 220కె 2 వాట్లది ఒకటి వేసెయ్యండి, అయినా మీటర్ పెట్టి చూసి ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. మీటర్ ప్రోబ్ పట్టుకున్నప్పుడు రెండో చెయ్యి జేబులో ఉండాలి.

ట్యూబులు పెట్టాక స్పీకర్ లేకుండా ఎప్పుడూ ఆన్ చెయ్యొద్దు, సిగ్నల్ వస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ పోతుంది. టెస్టింగ్‌కి 8 ఓమ్స్ 10 వాట్ల రెసిస్టర్ 8 ఓమ్స్ ట్యాప్‌కి తగిలిస్తే చాలు, కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. తర్వాత సీరీస్ బల్బు తీసేసి, ఈఎల్84 క్యాథోడ్ రెసిస్టర్ మీద వోల్టేజీ కొలవండి, ఓమ్స్‌తో భాగిస్తే కరెంట్ వస్తుంది, 135 ఓమ్స్ మీద 7.3 వోల్టులుంటే సరిగ్గా ఉన్నట్టు. మన లైన్ ఒక్కోసారి 245 దాకా పోతుంది, అప్పుడు ఇంకోసారి కొలవండి, ప్లేట్ (ట్యూబు లోపలి లోహపు రేకు) మీద 12 వాట్లు దాటకూడదు. చీకట్లో ప్లేట్ ఎర్రగా కనిపిస్తే వెంటనే ఆపెయ్యండి.

హమ్ (గుయ్యిమనే మోత) వస్తే ముందు అది 50 హెర్ట్జా 100 హెర్ట్జా చూడండి, ఫోన్‌లో స్పెక్ట్రమ్ యాప్ చాలు. 100 అయితే ఫిల్టర్ కెపాసిటర్లు. 50 అయితే గ్రౌండ్, హీటర్ వైర్లు మెలిపెట్టకపోవడం, లేదా రెండు ట్రాన్స్‌ఫార్మర్లు మరీ దగ్గరగా ఉండడం. ఈ చివరిది చాసిస్‌కి రంధ్రాలు వెయ్యకముందే తెలుసుకోవచ్చు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి హెడ్‌ఫోన్ తగిలించి, పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఒక్కదానికే కరెంట్ ఇచ్చి, తిప్పుతూ వినండి, హమ్ బాగా తగ్గిన కోణంలో బిగించండి.