ఆన్‌లైన్ పోటీ ఆటల్లో ర్యాంకు మ్యాచ్‌లు ఉండాలా, తీసేయాలా?

కృష్ణలంక, విజయవాడ:

మా వీధిలో ఇంటర్ చదువుతున్న నలుగురు కుర్రవాళ్లు ఫోన్‌లో ఒకే స్క్వాడ్‌గా, అంటే ఒకే జట్టుగా, ర్యాంకు మ్యాచ్‌లు ఆడతారు. ర్యాంకులు లెక్కించే గడువు, అంటే సీజన్, ముగిసే వారం వచ్చిందంటే ఒక్క మ్యాచ్ పోయినా తప్పు నీదంటే నీదని తగువు పడి, మాట్లాడుకోవడం మానేస్తారు. బెంజి సర్కిల్ హోర్డింగుల మీద ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ర్యాంకుల ఫొటోలు చూస్తూ పెరుగుతున్న పిల్లలకు ఆటలో కూడా ర్యాంకే కావాలా? పైగా నాలుగు గెలవగానే నాలుగు ఓడేటట్లు ఆటే ఏర్పాటు చేస్తుందని వాళ్ల నమ్మకం. ర్యాంకు మ్యాచ్‌లు తీసేసి, వచ్చినవారిని వచ్చినట్లే కలిపి ఆడించాలని నా అభిప్రాయం.

బ్రాడీపేట, గుంటూరు:

మీ ఆవేదన న్యాయమైనదే గాని, మీరు చెప్పిన మందు రోగానికి తగినది కాదు. ర్యాంకు అన్న ఒక్క మాటలో మనం రెండు సంగతులను కలిపేస్తున్నాము. ఎవరికి ఎవరిని జోడీగా పెట్టాలో తేల్చే అంకె ఒకటి, తెర మీద పేరు పక్కన మెరిసే పతకం మరొకటి.

ఆ అంకెకు మూలం చదరంగం. భౌతికశాస్త్ర ఆచార్యుడైన ఆర్పాడ్ ఎలో రూపొందించిన పద్ధతిని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించింది. రేటింగ్ అనే ఆ అంకెలో ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పైనున్న ఆటగాడు వంద ఆటల్లో, గెలుపుకు ఒకటి, డ్రాకు అర చొప్పున, సుమారు 76 పాయింట్లు సాధిస్తాడని ఆ లెక్క చెబుతుంది. తేడా 400 అయితే అది 91 దాకా పోతుంది. అంచనా ప్రకారం గెలిచినవాడికి కొద్దిగానే పెరుగుతుంది, అంచనాను తారుమారు చేసినవాడికి బాగా పెరుగుతుంది. మీరు కోరినట్లు వచ్చినవారిని వచ్చినట్లు కలిపితే, నిన్న ఆట నేర్చుకున్న పిల్లవాడు అయిదేళ్లుగా ఆడుతున్నవాడి ఎదుట నిలబడి, ఎందుకు ఓడాడో కూడా తెలియకుండా బయటికి వస్తాడు. వాడికి అందులో నేర్చుకునేది ఏమీ మిగలదు.

నాలుగు గెలుపులకు నాలుగు ఓటములు రావడం కుట్ర కాదు. సమానులతో ఆడేవాడికి దీర్ఘకాలంలో గెలుపోటములు సగం సగంగానే ఉంటాయి. జట్టు ఆటల్లో చిక్కు వేరే ఉంది: ఒక్కరి నైపుణ్యాన్ని మొత్తం జట్టు ఫలితం నుంచి ఊహించాలి కాబట్టి అంచనా కుదురుకోవడానికి చాలా మ్యాచ్‌లు పడతాయి. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఎక్స్‌బాక్స్ ఆటల కోసం చేసిన ట్రూస్కిల్, అంచనాతో పాటు ఆ అంచనా మీద ఎంత నమ్మకం ఉంచవచ్చో కూడా విడిగా లెక్క కడుతుంది. ఆ కుర్రవాళ్లకు ఈ మాట ఎవరైనా విడమరచి చెబితే, ఒక్క మ్యాచ్ కోసం స్నేహితుణ్ణి దోషిని చేయడం తగ్గుతుందని నేను నిజంగా నమ్ముతున్నాను.

ఇక నేను తప్పుపట్టేది రెండో సంగతిని, ఆ పతకాన్ని. మా గుంటూరు ఆటగాడు పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. 2016 చివరికి ఆయన రేటింగ్ 2770కి చేరింది. సీజన్ ముగిసిందని చెప్పి ఆ అంకెను ఎవరూ కిందికి దించలేదు. మొబైల్ ఆటల్లో సీజన్ మారగానే అందరినీ కిందికి దించి, పోయినదాన్ని తిరిగి సంపాదించుకోమంటారు. చివరిదాకా బతికి ఉన్నవారే గెలిచే బ్యాటిల్ రాయల్ ఆటల్లోనైతే ఎంతసేపు బతికి ఉన్నారన్నదానికి కూడా పాయింట్లు ఉంటాయి కాబట్టి, తుపాకీ పేల్చకుండా ఇంట్లో దాక్కుని క్యాంపింగ్ చేసేవాడు కూడా మెల్లగా పైకి వస్తాడు. అలాంటి ఆటే అయిన బీజీఎమ్ఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా)లో అన్నిటికన్నా పై ర్యాంకు కాంకరర్ అంటే సర్వర్ మొత్తం మీద మొదటి 500 మంది. మీరు నిద్రపోతున్నప్పుడు మరొకడు ఆడితే మీ స్థానం జారిపోవచ్చు. ఎంసెట్ పోలిక సరిగ్గా అతికేది ఇక్కడే, ఎందుకంటే ఇది వరుసలో చోటే గాని నైపుణ్యానికి కొలత కాదు.

కృష్ణలంక, విజయవాడ:

మీరు చేసిన విభజన బాగుంది. అయితే ఆటలో ఆరితేరి ఉండి కూడా కొత్త ఖాతా తెరిచి కింది స్థాయి మ్యాచ్‌ల్లో పిల్లలను వేటాడే స్మర్ఫ్‌ల మాటేమిటి? అంకె ఎంత మంచిదైనా వాళ్ల ముందు పనికిరాదు కదా!

బ్రాడీపేట, గుంటూరు:

కొత్త ఖాతా మీద అంచనా ఇంకా కుదురుకోదు కాబట్టి, వరసగా గెలిచేవాణ్ణి మంచి పద్ధతి త్వరగానే పైకి నెడుతుంది. కావాలని ఓడి కిందనే ఉండిపోయేవాణ్ణి మాత్రం ఏ గణితమూ పట్టలేదని ఒప్పుకుంటాను. అక్కడ ఫిర్యాదులను మనిషి కూర్చుని చూడవలసిందే. అయినా మిగతా స్మర్ఫ్‌లను పైకి నెడుతున్నది ఆ అంకే గనుక, దాన్ని తీసేయమనడానికి నాకు మనసు ఒప్పదు. జోడీ కుదిర్చే లెక్కను ఉంచి, సీజన్ రీసెట్‌ను ఎత్తేయమని, బతికి ఉన్నందుకు ఇచ్చే పాయింట్లను తగ్గించమని ఆట తయారుచేసేవారిని అడుగుదాం. మీ వీధి కుర్రవాళ్లు ఒప్పుకుంటే, ఈ అభ్యర్థన మీద మొదటి నాలుగు పేర్లు వాళ్లవే ఉండాలని నా కోరిక.