మూడు అంచెల సంస్థల్లో 48 శాతం వాటా: ఏకీకృత ఖాతాల్లో కలపాలా? నిల్వలోని లాభంపై కట్టేసిన పన్ను సంగతి ఏమిటి?

పద్దుపుస్తకం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఏకీకృత ఖాతాలు, అంటే గుంపులోని సంస్థలన్నిటినీ ఒకే సంస్థగా చూపే ఖాతాలు, తయారు చేసే పని మొదటిసారి నా చేతికి వచ్చింది. నాలుగు రోజులుగా ఒకే కాగితం ముందు కూర్చున్నాను. ఎక్కడ తప్పుతున్నానో తెలియడం లేదు, దయచేసి చూసి చెప్పండి.

మొత్తం మూడు సంస్థలు. పేర్లు రాయలేను కాబట్టి పై సంస్థ, నడిమి సంస్థ, కింది సంస్థ అంటాను. పై సంస్థకు నడిమి సంస్థలో 80 శాతం షేర్లు ఉన్నాయి. నడిమి సంస్థకు కింది సంస్థలో 60 శాతం ఉన్నాయి. 80 శాతంలో 60 శాతం అంటే 48 శాతం. సగం కూడా లేదు కదా అని కింది సంస్థను అనుబంధ సంస్థగా, అంటే పై సంస్థ ఆధీనంలో ఉన్నదిగా, లెక్కించలేదు. దాని లాభంలో 48 శాతాన్ని ఒకే వరుసలో చూపించాను. మా పై అధికారి దాన్ని చూసి "మొదటి నుంచి చేయండి" అని రాసి తిప్పి పంపారు. కారణం రాయలేదు.

ఈ ఏడాది పన్ను పోను లాభాలు ఇవి. పై సంస్థకు, డివిడెండ్లు లేకుండా, 100 లక్షలు. నడిమి సంస్థకు 56 లక్షలు, అందులో 6 లక్షలు కింది సంస్థ ఇచ్చిన డివిడెండు. కింది సంస్థకు 40 లక్షలు.

ఇంకో చిక్కు ఉంది. కింది సంస్థ పై సంస్థకు సరుకు అమ్మింది. ఏడాది చివర ఆ సరుకులో కొంత పై సంస్థ గోదాములోనే ఉండిపోయింది. దాని మీద కింది సంస్థ వేసుకున్న లాభం 8 లక్షలు. కింది సంస్థకు పన్ను రేటు 30 శాతం, పై సంస్థకు 25 శాతం. ఆ 8 లక్షలపై కింది సంస్థ పన్ను కట్టేసింది కూడా. లాభాన్ని తీసేస్తే కట్టిన పన్నును ఏం చేయాలి? ఏ రేటు వాడాలి?

తూకంరాయి:

పద్దుపుస్తకం గారూ, మీ కాగితం చూడకుండానే చెప్పగలను, మీరు రెండు వేర్వేరు ప్రశ్నలకు ఒకే అంకెతో జవాబు చెప్పారు. పద్దెనిమిదేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. నా దగ్గర పని నేర్చుకున్న వారిలో సగానికి పైగా సరిగ్గా ఈ 48 దగ్గరే ఆగిపోయారు.

మొదటి ప్రశ్న, కింది సంస్థ ఎవరి మాట వింటుంది? పై సంస్థ చెప్పినట్టు నడిమి సంస్థ నడుస్తుంది. నడిమి సంస్థ చెప్పినట్టు కింది సంస్థ నడుస్తుంది. కాబట్టి కింది సంస్థ పై సంస్థ ఆధీనంలో ఉన్నట్టే. ఇక్కడ గుణకారానికి చోటు లేదు. 2011లో వచ్చిన అంతర్జాతీయ ఖాతాల ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 10 నియంత్రణను అధికారం, రాబడి, ఆ అధికారంతో రాబడిని మార్చగల శక్తి అనే మూడింటితో తూచుతుంది. గొలుసులో ప్రతి కొక్కెం గట్టిగా ఉంటే చివరిది కూడా మీదే. కాబట్టి కింది సంస్థ ఆస్తులు, అప్పులు, అమ్మకాలు, ఖర్చులు నూటికి నూరు శాతం కలపాలి.

రెండో ప్రశ్న, కలిపిన తర్వాత లాభం ఎవరికి ఎంత? అక్కడ మాత్రం గుణకారం వస్తుంది. మీ 48 అక్కడ పనికొస్తుంది. మిగిలిన 52 శాతం బయటి వాటాదారులది. సగానికి పైగా లాభం బయటివారికి పోతున్న సంస్థను పూర్తిగా కలపడం మొదట్లో వింతగా అనిపిస్తుంది. కానీ నియమం అదే, అందులో న్యాయమూ ఉంది. ఎవరి పెత్తనం కింద ఎంత ఆస్తి తిరుగుతోందో చదివేవారికి తెలియాలి.

ఇక లెక్క. ఎప్పుడూ అడుగు నుంచి పైకి రండి. పై నుంచి మొదలుపెడితే దారి తప్పుతారు.

కింది సంస్థ లాభం 40. నిల్వలో ఉన్న 8 ఇంకా రాని లాభం. ఒక ఇంట్లో ఈ గది నుంచి ఆ గదికి సామాను మారిస్తే ఇంటివారికి లాభం రాదు కదా, ఇదీ అంతే. 8 తీసేయండి. పన్ను విషయానికి వస్తే, ఆదాయపు పన్నుపై ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 12 ప్రకారం కొన్నవారి రేటు వాడాలి. పుస్తకాల్లో ఆ సరుకు విలువ తగ్గింది, పన్ను లెక్కలో మాత్రం పై సంస్థ కొన్న ధరే ఉంది. రేపు పై సంస్థ అమ్మినప్పుడు తగ్గే పన్ను పై సంస్థ రేటులోనే తగ్గుతుంది. అందుకని 8 మీద 25 శాతం, అంటే 2 లక్షలు వాయిదా పన్ను ఆస్తి, అంటే ముందుముందు తగ్గబోయే పన్ను. నికరంగా తీసేసేది 6. కింది సంస్థ లాభం 34.

అమెరికా పద్ధతిలో సరుకు నిల్వకు దీనికి భిన్నంగా చేస్తారు. అమ్మినవారు కట్టిన పన్నునే, అంటే 30 శాతం చొప్పున 2.4 లక్షలను వాయిదా వేస్తారు. అప్పుడు తీసేసేది 5.6 అవుతుంది. మీరు ఏ ప్రమాణం కింద ఉన్నారో ముందు చూసుకోండి. రెండూ కలిపి వాడితే మాత్రం ఏ ఆడిటరూ ఒప్పుకోరు.

34లో బయటివారి 40 శాతం 13.6. నడిమి సంస్థకు చేరేది 20.4. నడిమి సంస్థ సొంత లాభం 56 కాదు, 50. ఆ 6 లక్షల డివిడెండును ఉంచితే అదే లాభాన్ని రెండుసార్లు లెక్కించినట్టు. 50, 20.4 కలిపితే 70.4. అందులో బయటివారి 20 శాతం 14.08, పై సంస్థకు 56.32. పై సంస్థ సొంత 100 కలిపితే 156.32. బయటివారికి మొత్తం 27.68. రెండూ కలిస్తే 184. అటు నుంచి సరిచూడండి: 100, 50, 34 కలిపినా 184.

డివిడెండు గురించి ఒక మాట మరవకండి. దాని మీద నడిమి సంస్థ నిజంగా పన్ను కట్టి ఉంటే డివిడెండును తీసేయండి గానీ పన్నును తీసేయకండి. డివిడెండు ఇంట్లోనే తిరిగింది. పన్ను ప్రభుత్వానికి పోయింది, అది నిజమైన ఖర్చు. నేను పనిలో చేరిన కొత్తలో ఈ పన్నును కూడా కొట్టేశాను. ఒక అంకె తేలక రెండు రాత్రులు పోయాయి.

పన్నుపని:

తూకంరాయి గారి లెక్కతో ఏకీభవిస్తున్నాను. పన్ను వైపు నుంచి కొంచెం చేర్చాలి. ఖాతాల గుంపు, పన్నుల గుంపు ఒకటే అనుకోవద్దు. కొన్ని దేశాల్లో గుంపు మొత్తానికి ఒకే పన్ను రిటర్ను వేయనిస్తారు, కొన్ని దేశాల్లో ఆ వీలే లేదు. వీలున్న చోట కూడా గీత వేరే చోట ఉంటుంది. అమెరికాలో ఉమ్మడి రిటర్నుకు ఓట్లలోనూ విలువలోనూ 80 శాతం ఉండాలి. మీ గుంపు అక్కడ ఉండి ఉంటే నడిమి సంస్థ లోపలికి వచ్చేది, 60 శాతంతో కింది సంస్థ బయట ఉండిపోయేది. ఉమ్మడి రిటర్ను అయితే గుంపు లోపలి అమ్మకంపై పన్ను అప్పుడే పడదు కాబట్టి ఈ వాయిదా పన్ను ప్రశ్నే పుట్టదు. వేర్వేరు రిటర్నులు కావడం వల్లే మీకు ఈ 2 లక్షలు వచ్చాయి.

ఇంకొకటి, పంచకుండా ఉంచుకున్న లాభాలు. కింది సంస్థ డివిడెండు ఇచ్చిన ప్రతిసారీ పన్ను పడే దేశమైతే, ఇంకా ఇవ్వని లాభం మీద కూడా వాయిదా పన్ను బాధ్యత, అంటే ముందుముందు కట్టాల్సిన పన్ను, పెట్టాలా అని ఆడిటరు తప్పక అడుగుతారు. ఐఏఎస్ 12 ఇక్కడ ఒక మినహాయింపు ఇచ్చింది. డివిడెండు ఎప్పుడు ఇవ్వాలో మాతృసంస్థ చేతిలో ఉండి, దగ్గరలో ఇచ్చే అవకాశం లేకపోతే పెట్టనక్కర్లేదు. వచ్చే ఏడాది ఇంత పంచుతామని డైరెక్టర్లు అనుకుంటున్నారంటే ఆ మేరకు పెట్టాల్సిందే. మీరు మొదట చేసినట్టు దాన్ని ఒకే వరుసలో చూపే సంస్థగా పెట్టి ఉంటే, డివిడెండు మీ చేతిలో లేదని ఒప్పుకున్నట్టు అయ్యేది, ఈ మినహాయింపు కూడా చాలావరకు పోయేది.

పద్దుపుస్తకం:

ఇద్దరికీ ఎంతో రుణపడి ఉన్నాను. 156.32 నాకూ వచ్చింది. కానీ బయటి వాటాదారుల పేర్లు సరిచూద్దామని నడిమి సంస్థ వాటాదారుల రిజిస్టరు తెరిచాను. మిగిలిన 20 శాతంలో 10 శాతం కింది సంస్థ పేరు మీదే ఉంది! ఆ పేరు మీద వేలు పెట్టి మూడుసార్లు చదివాను. నడిమి సంస్థకు కింది దానిలో 60, కింది దానికి నడిమి దానిలో 10. ఇప్పుడు ఎవరి లాభం ముందు లెక్కించాలి?

చిట్టా:

సులువుగా చేయవచ్చు. ఆ 10 శాతం గుంపు లోపలే ఉంది కాబట్టి రద్దయినట్టు అనుకోండి. నడిమి సంస్థలో మిగిలింది 90, అందులో పై సంస్థది 80. 70.4ని 90తో భాగించి 80తో గుణిస్తే 62.58. బయటివారికి అక్కడ 7.82, కింద 13.6. పై సంస్థ సొంత 100 కాకుండా మొత్తం 84, అంటే 50, 34 కలిపినంత, సరిపోయింది.

తూకంరాయి:

చిట్టా గారూ, మొత్తం సరిపోయిందని పంపకం సరైనదని అనలేం. కింది సంస్థలో 40 శాతం ఉన్న బయటివారి వైపు నుంచి చూడండి. వారి సంస్థకు నడిమి సంస్థలో పదో వంతు ఉంది. అంటే నడిమి సంస్థ లాభంలో వారికీ కొంత చెందుతుంది. మీరు రద్దు చేసిన 10 శాతంతో పాటు వారి ఆ హక్కు కూడా పోయింది. అందుకే వారికి 13.6 దగ్గరే ఆగింది.

పద్దుపుస్తకం గారూ, ఏది ముందు అన్న ప్రశ్న వదిలేసి రెండింటినీ ఒకేసారి పట్టుకోండి. నడిమి సంస్థ పూర్తి లాభం న, కింది దానిది క అనుకుందాం. 'న' అంటే 50కి 'క'లో 60 శాతం కలిపినది. 'క' అంటే 34కి 'న'లో 10 శాతం కలిపినది. రెండోదాన్ని మొదటిదానిలో పెడితే, 70.4కి 'న'లో 6 శాతం కలిస్తే మళ్లీ 'న' వస్తుంది. 70.4ని 0.94తో భాగించండి: న 74.89, క 41.49.

ఈ రెండూ కలిపితే 116 దాటుతుంది, ఉన్న లాభం 84 మాత్రమే కదా అని భయపడకండి. ఒకరి లాభం ఇంకొకరి దానిలో కూడా కనిపిస్తోంది, అంతే. ఆ రెండు అంకెలూ ఖాతాల్లోకి ఎక్కవు. గుంపు బయటికి వెళ్లే వాటాలు, పై సంస్థ వాటా మాత్రమే ఎక్కుతాయి. పై సంస్థకు 74.89లో 80 శాతం, 59.91. నడిమి సంస్థలో నిజమైన బయటివారికి 10 శాతం, 7.49. కింది సంస్థ బయటివారికి 41.49లో 40 శాతం, 16.60. మొత్తం 84. ఆ 13.6 ఇప్పుడు 16.60 అయింది చూడండి. ఆ మూడు లక్షలు మనుషులవి, మన సౌకర్యం కోసం వాటిని పక్కన పెట్టకూడదు.

కింది సంస్థ కొన్నవి పై సంస్థ షేర్లే అయి ఉంటే దారి వేరు. వాటిని సొంత షేర్లు తిరిగి కొన్నట్టుగా చూసి, కొన్న ధరకు ఈక్విటీలో తగ్గిస్తారు. వాటిని అమ్మినా లాభనష్టాల ఖాతాలోకి ఏమీ రాదు. షేరుకు లాభం లెక్కించేటప్పుడు ఆ షేర్లను సంఖ్యలో నుంచి తీసేస్తారు.

ఇంకో విషయం, లెక్కకు ముందే చూడవలసినది. అనుబంధ సంస్థ తన మాతృసంస్థ షేర్లు కొనడాన్ని కొన్ని దేశాల చట్టాలు నిషేధిస్తాయి. అనుబంధం కాకముందే కొని ఉంటే ఉంచుకోవచ్చు గానీ ఓటు ఉండదు. మీ న్యాయ విభాగాన్ని ఈరోజే అడగండి.

చిట్టా:

ఒప్పుకుంటున్నాను. కింది వాటాదారుల కోణం నేను చూడలేదు. మా దగ్గర ఇలాంటిదే ఒకటి ఉంది, రేపు తీసి మళ్లీ చేస్తాను.

పద్దుపుస్తకం:

కాగితం మొత్తం కొత్తగా రాసి పంపాను. పై సంస్థకు 159.91, బయటివారికి 24.09, మొత్తం 184. పక్కనే వాయిదా పన్ను 2 లక్షలకు కారణం, వచ్చే ఏడాది డివిడెండు మీద డైరెక్టర్ల అభిప్రాయం కోరుతూ ఒక గమనిక కూడా పెట్టాను. మా పై అధికారి ఈసారి అంకెల మీద గీత గీయలేదు. అంచున ఒకటే రాశారు: "ఆ 10 శాతం కింది సంస్థ ఏ తేదీన కొన్నది?" పాత షేరు బదిలీ పత్రాల కట్ట తెప్పించాను. రేపు ఉదయం దాని ముందు కూర్చుంటాను.